చెప్పి ముట్టుకోవాలి

మా వృద్ధుల హోమ్‌లో కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ మొదటి పాఠం నేనే చెప్పేదాన్ని. పెద్దవాళ్ళని ముట్టుకునే ముందు నోటితో చెప్పాలి. అమ్మా, చెయ్యి పట్టుకుంటున్నా, తాతగారూ, దుప్పటి తీస్తున్నా అని చెప్పి, వాళ్ళ చెవిన పడిందో లేదో చూసి, అప్పుడు ముట్టుకోవాలి. గోడకి చెప్పినట్టు చెప్పి లాగెయ్యకూడదు. రెండో పాఠం ఒంటిమీది గుర్తుల గురించి. ఇంటి నుంచి వచ్చినవాళ్ళకి బట్టలు మార్చేటప్పుడు భుజం కింద చూడమనేదాన్ని. అక్కడ ముందు ఒక మచ్చ, వెనక నాలుగు మచ్చలు వరసగా కనబడితే, అది పడితే వచ్చిన దెబ్బ కాదు. అడిగితే మాత్రం పడ్డామనే అంటారు, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి కదా పాపం. "నేలకి వేళ్ళుండవు, గుర్తుపెట్టుకోండి" అని పాఠం ముగించేదాన్ని. కొత్త పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

అక్కడ నన్నందరూ బంగారు సిస్టర్ అంటారు. పక్క తడిపి, ఆ తడిపింది పక్క మంచం ఆవిడే అని దెబ్బలాడే టీచరమ్మ దగ్గర కూడా నా గొంతు లేవదు. నిజంగా లేవదు, నటన కాదు. లేచేదల్లా వాళ్ళ ఇళ్ళవాళ్ళ మీద. తల్లిని తెచ్చి దింపి కారు తాళాలు ఊపుకుంటూ నిలబడే కొడుకుల్నీ, మాటిమాటికీ గడియారం చూసుకునే కూతుళ్ళనీ చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నాలుగు మాటలతో ఉతికి ఆరేసి పంపేదాన్ని. మావారు మాత్రం, "బంగారమంతా అక్కడే కరిగిపోతోంది, మా ఇంటికి ఇత్తడి వస్తోంది" అనేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. అలసిపోయిన మనిషితో వేళాకోళమేమిటని ఆయన మీద కూడా ఒంటికాలి మీద లేచేదాన్ని.

మా అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. నాన్న పోయాక నేనే తెచ్చుకున్నాను. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. అడిగిందే అడుగుతుంది, తిన్నాక తినలేదంటుంది, స్నానాల గదిలో కుళాయి చప్పుడు వింటే భయపడి గుమ్మం పట్టుకుని వేలాడుతుంది. పగలంతా ఆయా చూసుకునేది. ఆయాలాంటి మనిషి దొరకడం మా అదృష్టమని ఇంటికొచ్చిన అందరికీ చెప్పేదాన్ని. నేను డ్యూటీ నుంచి వచ్చాక కూడా వెళ్ళేది కాదు. వీధి తలుపు దగ్గరే నా చేతిలో సంచి అందుకుని, అమ్మ గది వైపు తిరగనివ్వకుండా నన్ను తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళి, కంచం పెట్టి, నేను తిని చెయ్యి కడిగాకే చెప్పులు వేసుకునేది. జీతానికి మించిన శ్రద్ధ అనుకునేదాన్ని.

ఆ ఆయా కూతురికి నెలలు నిండాయి. పురుడయ్యేదాకా రాలేనంది. కాదనడానికి లేదు. నాకు అన్నాళ్ళు సెలవు దొరకలేదు, మావారికి అమ్మ స్నానం, గుడ్డలు చేతకావు. హోమ్ నడిపే మేట్రన్‌గారిని బతిమాలితే, ఆయా తిరిగొచ్చేదాకా మా హోమ్‌లోనే మంచం ఇస్తానన్నారు. ఒకటే షరతు పెట్టారు. సొంతవాళ్ళకి సొంతవాళ్ళు నర్సు పని చెయ్యకూడదు, అది అక్కడి రూలు. అమ్మ కింది అంతస్తులో ఉంటుంది, నేను పై అంతస్తులో చెయ్యాలి.

చేర్చిన రోజు సెలవు పెట్టి, మామూలు బట్టల్లో, అందరి కూతుళ్ళలాగే మంచం పక్కన నిలబడ్డాను. బట్టలు మార్చడానికి చిట్టి సిస్టర్ వచ్చింది. పొట్టిగా ఉంటుందని ఆ పేరు. నా దగ్గరే పని నేర్చుకుంది. "అమ్మా, జాకెట్టు విప్పుతున్నానండీ" అని చెప్పింది, అమ్మ తలూపేదాకా ఆగింది, అప్పుడు ముట్టుకుంది. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఎంతసేపులెండి. కుడి చెయ్యి బయటికి తీసి, చిట్టి సిస్టర్ అలాగే ఆగిపోయింది. భుజం కింద ముందువైపు ఒకటి. చేతిని మెల్లగా తిప్పి చూసింది. వెనక నాలుగు.

అవి ఎలా వచ్చాయో నాకు తెలుసు. ఆ వారంలోనే ఒక పొద్దున్న, ఆయా లేని వేళ, డ్యూటీకి ఆలస్యమవుతుంటే, అమ్మ స్నానాల గది గుమ్మం వదలనంది. పట్టుకుని లాగాను. "నా ప్రాణం తియ్యడానికే బతికున్నావా" అన్నాను. అదే పొద్దున్న హోమ్‌కి వెళ్ళి, కుళాయికి భయపడే టీచరమ్మకి చెంబులో నీళ్ళు ముంచి, ముందు వేళ్ళు తడిపి, తర్వాత మోచెయ్యి తడిపి, పాపాయికి పోసినట్టు స్నానం చేయించాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. మా ఇంట్లో ఆ ఈగల మోత నేనే.

చిట్టి సిస్టర్ నేను నేర్పినట్టే అడిగింది. "ఇక్కడ ఎవరైనా గట్టిగా పట్టుకున్నారా అమ్మా?" అమ్మ నావైపు చూసింది. చూసి, గడప తగిలి పడ్డానంది. చిట్టి సిస్టర్ కొత్త జాకెట్టు తొడిగి, బొత్తాలు పెట్టి, నా మొహం చూడకుండా, "ఇంట్లో ఆయానా సిస్టర్ చూసుకునేది?" అంది.

"ఔను, ఆయానే" అన్నాను.

ఆ రెండు మాటలూ ఎంత సులువుగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక మీద నాకే అసహ్యం. ఆ పిల్ల మనసులో బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. నన్ను అనుమానించినందుకు క్షమించమన్నట్టు నా చెయ్యి కూడా నొక్కింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకున్నాను.

మర్నాటికి మేట్రన్‌గారికి తెలిసింది. ఆవిడ నన్ను పిలిచి ఓదార్చారు. నువ్వు ఊళ్ళోవాళ్ళ తల్లుల్ని కంటికి రెప్పలా చూసుకుంటుంటే, నీ తల్లిని ఆ మనిషి ఇలా చేసిందా అన్నారు. తల వంచుకుని విన్నాను. బాధతో మాట రావడం లేదనుకుని మంచినీళ్ళు తెప్పించారు. ఆ నీళ్ళు కూడా తాగాను, సిగ్గు లేకుండా.

డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని, రోజూ అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. యూనిఫాం ఇంటికి తీసుకెళ్ళడం ఉండదు, రోగాలు మోసుకెళ్తామని అక్కడే లాకర్లో పెట్టేస్తాం. అందుకని నన్ను ఆ నీలం బట్టల్లో అమ్మ ఎన్నడూ చూడలేదు. కూతురిగా వెళితే మంచం మీద బిగుసుకుని కూర్చునేది. తిన్నావా అంటే తిన్నాననేది, పడుకున్నావా అంటే పడుకున్నాననేది. అలసిపోయి ఉంటావు, నువ్వెళ్ళు అని నేను రాగానే అనేది. నా మీద ప్రేమ అనుకున్నాను.

ఇంతలో కింది అంతస్తులో దగ్గు మొదలైంది. అక్కడి సిస్టర్లు ఒకరి తర్వాత ఒకరు మంచమెక్కారు. రూలు పక్కనపెట్టి, కొన్నాళ్ళు కింద చూడమని మేట్రన్‌గారు నాకే చెప్పారు. నీలం యూనిఫాం, నెత్తి మీద టోపీ, కళ్ళు తప్ప ఏదీ కనబడకుండా మాస్కు. ఆ వేషంలో అమ్మ గదిలోకి వెళ్ళాను. తలుపు తట్టి, "లోపలికి రావచ్చామ్మా?" అన్నాను. నా డ్యూటీ గొంతు అది, నేను కావాలని మార్చుకోలేదు. అమ్మ తలెత్తి, మొహమంతా నవ్వుతో, "రా తల్లీ, నిన్నెవరు వద్దన్నారు" అంది.

తలుపు తట్టి అమ్మ గదిలోకి వెళ్ళడం నా జన్మలో అదే మొదలు. నన్ను పోల్చుకోలేదని అప్పుడే తెలిసింది. అమ్మా, నేనే అని మాస్కు కిందకి లాగడానికి ఎంతసేపు పడుతుంది? లాగలేదు. ఆ నవ్వు పోతుందేమోనని లాగలేదు.

ఇక రోజూ అదే వరస. నర్సమ్మ చెంబుతో నీళ్ళు పోస్తే అమ్మ కిక్కురుమనకుండా స్నానం చేసింది. నర్సమ్మ గంజి తాగిస్తే గిన్నె ఖాళీ చేసింది. అడిగిందే అడిగితే నర్సమ్మ చెప్పిందే చెప్పింది, మొదటిసారి చెప్పినట్టే. పక్క మంచం ఆవిడతో, ఈ పిల్ల ఎవరి కడుపున పుట్టిందో గానీ ఆ తల్లిది పెట్టిపుట్టిన బతుకు అంది. నేను దుప్పటి మడత పెడుతూ విన్నాను. ఏం చెప్పను నా మొహం, సంతోషం వేసింది. నా తల్లి దగ్గరే నాకు మంచిపేరు వచ్చిందని మురిసిపోయాను.

ఒకరోజు పని తెమలక హడావిడిలో ఉన్నాను. దువ్వెన తీసుకుని, చెప్పడం మరిచిపోయి, తల దువ్వుదామని చెయ్యెత్తాను. అమ్మ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడకపోయేసరికి ఒక కన్ను తెరిచి చూసి, నర్సమ్మేనని తెలిసి, తప్పు చేసినట్టు నవ్వింది.

"ఏమనుకోకు తల్లీ. మా అమ్మాయి అనుకున్నాను."

దువ్వెన జారవిడిచి నేల మీదకి వంగాను. దువ్వెన వెతుకుతున్నట్టు అక్కడే కాసేపు ఉండిపోయాను. అమ్మకి నా మీద జాలి వేసినట్టుంది, మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. మా అమ్మాయి చెడ్డదేం కాదు అంది. చాలా కష్టపడుతుందట, బయట దానికి చాలా మంచి పేరట. ఇంటికొచ్చేసరికి దానికి ఓపిక ఉండదట. నీలా ముందు చెప్పి ముట్టుకోదు, అంతే, అంది. "మా ఆయా ఉంటే మధ్యలోకి వచ్చేసేది. ఆయా వెళ్ళిపోయాక నాకు దిక్కులేదు." నా మణికట్టు పట్టుకుంది. "నా మంచం అక్కడే ఉంది, నా కిటికీ అక్కడే ఉంది. వెళ్ళాలనే ఉంటుంది. కానీ నన్ను పంపించొద్దని మీ పెద్ద నర్సమ్మగారితో నువ్వు చెప్పు తల్లీ. నీ మాట వింటుంది."

ఆయా నా ఇంట్లో ఏ పని చేస్తోందో అప్పుడు అర్థమైంది. మా అమ్మని నా నుంచి కాపాడడం. నేను వేసిన నింద ఆ మనిషి మీద!

అదే వారం ఆయా ఫోన్ చేసింది. కూతురికి ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని, ఇక పనిలోకి వస్తానని చెప్పింది. అమ్మగారు ఎలా ఉన్నారని ముందు అడిగింది, నా సంగతి తర్వాత అడిగింది. ఆ మాట మేట్రన్‌గారికి చెప్పక తప్పలేదు, మంచం ఖాళీ చెయ్యాలి కాబట్టి. ఆవిడ చిట్టి సిస్టర్‌ని కూడా గదిలోకి పిలిచారు. ఆ ఆయా ఆ ఇంటి గడప తొక్కితే మీ అమ్మని పంపేది లేదు, వేరే మనిషిని చూసుకో అన్నారు. అంతటితో ఆగలేదు. తెలిసిన హోమ్‌లకీ, పనివాళ్ళని పంపేవాళ్ళకీ చెప్పి, ఆమెకి ఇంకెక్కడా ముసలివాళ్ళ దగ్గర పని దొరక్కుండా చేస్తానన్నారు. ఫోన్ చేతిలోకి తీసుకున్నారు కూడా.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఊరుకుంటే నా పరువు దక్కుతుంది. ఆయా పని పోతుంది, అమ్మకి అడ్డు నిలిచే మనిషీ పోతుంది. పైగా అమ్మ మళ్ళీ నా చేతుల్లోకే వస్తుంది, ఈసారి మధ్యలో ఎవరూ లేకుండా.

"ఆ చెయ్యి ఆయాది కాదు మేడమ్" అన్నాను. "నాది."

మేట్రన్‌గారు ఫోన్ కింద పెట్టారు. చిట్టి సిస్టర్ తల వంచుకుంది. ఆ పిల్ల నావైపు కోపంగా చూసినా తట్టుకునేదాన్ని. మేట్రన్‌గారు, ఇక్కడ ఇంకెవరి మీదైనా ఇలా చెయ్యి వేశావా అని అడిగారు. లేదన్నాను. అది నిజం. అదే ఇంకా సిగ్గు.

"మరి ఆవిడేం పాపం చేసింది?"

"మా అమ్మ కదా మేడమ్" అన్నాను.

ఆవిడ లేచి అమ్మ గది వైపు నడిచారు. వెనకే నేను, మాస్కుతో. మా దగ్గర ఎవరినైనా ఇంటికి పంపే ముందు వాళ్ళనే అడుగుతారు. మంచం అంచున కూర్చుని, ఇంటికి వెళ్తావామ్మా అని అడిగారు. అమ్మ ఆవిడ భుజం మీదుగా నన్ను చూసింది. తను చెప్పమన్న మాట నేను చెప్పానా అన్నట్టు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. అమ్మ దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంది.

"ఈ నర్సమ్మ కూడా వస్తే వెళ్తానమ్మా" అంది.

వరండాలోకి వచ్చాక మేట్రన్‌గారు నాకు చెప్పాల్సింది చెప్పారు. ఆయా పనిలో ఉండాలి, అమ్మ నిద్రపోయేదాకా ఇంట్లో ఉండాలి. చిట్టి సిస్టర్ వారం వారం వచ్చి అమ్మ చేతులు చూస్తుంది. చిన్న మచ్చ కనబడినా అమ్మని తీసుకొచ్చేస్తుంది. నా దగ్గర నేర్చుకున్న పిల్ల నా ఇంటికొచ్చి నన్ను తనిఖీ చేస్తుందన్నమాట. కొత్తవాళ్ళకి పాఠాలు కూడా ఇకమీదట ఆ పిల్లే చెబుతుందన్నారు. అన్నిటికీ తలూపాను. చివరికి ఆవిడ నా యూనిఫాం చూపించి, "అది వేసుకునే ఇంటికి తీసుకెళ్ళు" అన్నారు. రూలు ఒప్పుకోదేమో మేడమ్ అని గొణిగాను. "రూలు నేను చూసుకుంటాను. ఆ గుడ్డ ఒంటిమీద ఉంటే తప్ప నీకు మర్యాద గుర్తురాదు కదా" అన్నారు.

అలా మధ్యాహ్నం వేళ, ఉతికిన నీలం యూనిఫాంలో, టోపీ, మాస్కు తియ్యకుండా, నా తల్లిని నా ఇంటికి తీసుకొచ్చాను. ఆయా మర్నాటి నుంచి వస్తానంది. తలుపు మావారు తీశారు. నా వేషం చూసి ఏదో అనబోయారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నోరు మూసుకుని, సంచి అందుకుని పక్కకి తప్పుకున్నారు. "అమ్మా, గడప ఉంది, చెయ్యి పట్టుకుంటున్నా" అని చెప్పి పట్టుకున్నాను. అమ్మ కాలు లోపల పెట్టకుండా, మెడ సాచి హాలంతా చూసింది. నా చెవి దగ్గరికి వంగింది.

"అది ఉందా ఇంట్లో?"

"లేదమ్మా. డ్యూటీకి వెళ్ళింది."

అమ్మ కొంచెం తేలికపడింది. తన గదిలోకి వెళ్ళి మంచం తడిమి చూసుకుంది, కిటికీ రెక్క తీయించుకుంది. కానీ కూర్చోలేదు. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చి, అలమార వైపు చూపించి, కంచం తియ్యమంది. ఆకలేస్తోందామ్మా అన్నాను.

"నాక్కాదు, దానికి. ఆయా లేదుగా, ఇక నువ్వే చూసుకోవాలి" అంది, కొత్తమనిషికి పని నేర్పుతున్నట్టు. "అది రాగానే నా గదిలోకి రానివ్వకు. ముందు అన్నం పెట్టెయ్యి. పాపం, ఆకలితో వస్తుంది. ఆకలి మీదుంటేనే చెయ్యి లేస్తుంది దానికి. తిన్నాక మంచిదే."

నేను కంచంలో అన్నం పెట్టాను. కూర వేశాను. చల్లారిపోకుండా మూత పెట్టమంటే పెట్టాను. అమ్మ కుర్చీ వీధి తలుపు కనబడేలా జరిపించుకుని, నన్ను కూడా పక్కనే కూర్చోమంది. కూర్చున్నాను. అది వచ్చేస్తుందేమోనని ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.